జప్తు వేరు, స్వాధీనం వేరు

సంపాదకులకు నమస్కారం.

ఆస్తుల వార్తల్లో జప్తు, స్వాధీనం, కబ్జా అనే మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. ఇవి పర్యాయపదాలు కావు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం (2002) కింద ఈడీ మొదట చేసేది తాత్కాలిక జప్తు. ఆ ఉత్తర్వు 180 రోజులకు మించి నిలవదు, ఆలోగా దాన్ని న్యాయ నిర్ణయాధికారి ధ్రువీకరించాలి. ఆ కాలంలో యజమాని ఇల్లు అమ్మలేడు, రాసివ్వలేడు. కానీ అందులో కాపురం ఉండొచ్చు. అలాంటప్పుడు ‘ఇల్లు స్వాధీనం’ అని శీర్షిక పెడితే, ఆ కుటుంబాన్ని ఖాళీ చేయించారనే పాఠకుడు అనుకుంటాడు. అద్దెకున్నవాళ్లు, అప్పిచ్చినవాళ్లు కంగారుపడేది ఇక్కడే. విచారణ ముగిశాక ప్రత్యేక కోర్టు ఆస్తిని శాశ్వతంగా తీసేసుకోమంటే దానికీ ‘జప్తు’ అనే రాస్తున్నారు. ‘ప్రభుత్వపరం చేశారు’ అంటే సందేహమే ఉండదు.

తాకట్టు పెట్టిన ఇంటి విషయంలో బ్యాంకు, బాకీల వసూలు కోసం ఉన్న సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి, బాకీ తీరకపోతే తీసుకునేదాన్ని స్వాధీనం అనాలి. కబ్జా అంటే హక్కు లేకుండా ఆక్రమించడం, అంతే.

వ్యతిరేక పదాల్లోనూ ఇదే తికమక. జప్తుకు ఎదురుమాట ‘ఎత్తివేత’, స్వాధీనానికి ‘తిరిగి అప్పగింత’, కబ్జాకు ‘విడిపించడం’. ఇంట్లోంచి కదలని యజమానికి ఆ ఇల్లు ‘తిరిగిచ్చారు’ అని రాయడం తప్పు. జప్తు వార్త రాసేటప్పుడు ఏ చట్టం, ఏ దశ, ఇల్లు ఎవరి చేతిలో ఉంది అన్న మూడూ ఒక్క వాక్యంలో చెప్పేలా మీ విలేకరులకు సూచించగలరు.

— ఒక పాఠకుడు