ఓవెన్ పక్కన నాలుగు తెలుగు మాటలు రాసి పెట్టించండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో మైక్రోవేవ్ ఓవెన్ లేని బేకరీ ఇప్పుడు అరుదు. బస్టాండు, రైల్వేస్టేషన్, బాలాజీ కాలనీ వైపు ఎక్కడ పఫ్ అడిగినా ఓవెన్‌లో పెట్టి నిమిషంలోపే చేతికిస్తారు. పీజీ హాస్టళ్లలోనూ అందరికీ కలిపి ఒకటి పెడుతున్నారు. రాత్రి ఆలస్యంగా వచ్చే పిల్లలకు అది మంచి సౌకర్యమే, కాదనను. దాన్ని ఎలా వాడాలో చెప్పేవాళ్లే లేరు. పైన పొగలు వస్తే చాలు, లోపల కూడా వేడెక్కిందని అందరూ అనుకుంటున్నారు. నా ఆందోళన అదే.

పొయ్యి మీద గిన్నె కింద నుంచి కాగుతుంది, మనం గరిటెతో తిప్పుతూ ఉంటాం. ఓవెన్‌లో తరంగాలు ఆహారంలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయి. అవి రెండు మూడు సెంటీమీటర్లకు మించి లోపలికి పెద్దగా పోవు. మందంగా ఉన్నదాని నడిమికి వేడి అంచుల నుంచి మెల్లగా పాకాల్సిందే. పైగా ఆ తరంగాలు లోపలి గోడలకు తగిలి వెనక్కి మళ్లుతుంటాయి కాబట్టి ఒక చోట వేడి ఎక్కువ, పక్కనే తక్కువ. లోపల గాజు పళ్లెం తిరిగేది అందుకే. అయినా పళ్లెం ఒక్కటే తిరిగితే సరిపోదు, మనం కూడా కలపాలి.

మన వైపు సంగటినే తీసుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్దను అలాగే పెడితే అంచులు ఎండి గట్టిపడతాయి, నడుమ చల్లగానే ఉంటుంది. ముద్దను చిదిపి, పళ్లెంలో మధ్యన ఖాళీ వదిలి చుట్టూ పరిచి, కాసిని నీళ్లు చిలకరించి, ఆవిరి పోయేంత సందు ఉంచి మూత పెట్టాలి. కోడి పులుసైతే పెద్ద ముక్కలు అంచు వైపుకి సర్ది, సగంలో ఆపి బాగా కలిపి మళ్లీ పెట్టాలి. గంట మోగాక కూడా రెండు నిమిషాలు మూత తీయకుండా వదిలేయాలి. ఆ కాసేపట్లోనే వేడి ముక్క లోపలికి చేరుతుంది. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ పనే. నడిమి భాగం 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే భయం లేదు. అది చూసే వంట థర్మామీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, ప్రతి హోటల్ కొనగలదు.

అన్నం సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి మధ్యాహ్నం నుంచి బయటే ఉన్న ఫ్రైడ్ రైస్‌ను రాత్రి ఏ ఓవెన్ కూడా బాగు చేయలేదు. మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరనిచ్చి రెండు గంటల్లోపు, మే నెల ఎండల్లో అయితే గంటలోపే, ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఒక హాస్టల్లో సాంబారు పార్సిల్ కవర్‌ను ముడి కూడా విప్పకుండా ఓవెన్‌లో పెట్టడం చూశాను. పల్చటి ప్లాస్టిక్ కవర్లు, మెలమైన్ ప్లేట్లు, స్టీలు గిన్నెలు, సిల్వర్ ఫాయిల్ ఇవేవీ పనికిరావు. మైక్రోవేవ్‌కు పనికొస్తుందని గుర్తు ఉన్న గాజు, పింగాణీ గిన్నెలే వాడాలి. ఉడికించిన గుడ్డును పెంకుతో పెడితే పేలుతుంది, పెంకు తీసి పెట్టినా పేలవచ్చు.

కొండకు వచ్చే యాత్రికుల్లో చంటిపిల్లల తల్లులు పాలసీసా ఇచ్చి కాస్త వేడి చేయమని బేకరీల్లో అడుగుతుంటారు. దయచేసి సీసాను ఓవెన్‌లో పెట్టకండి. సీసా పైకి గోరువెచ్చగానే తగులుతుంది, లోపల పాలు ఒక చోట నోరు కాలేంత వేడిగా ఉండొచ్చు. ఒక గ్లాసు వేడినీళ్లు ఇస్తే తల్లే అందులో సీసా పెట్టుకుంటుంది.

జిల్లా ఆహార భద్రత అధికారులకు, నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగానికి నా విన్నపం. తనిఖీకి వెళ్లినప్పుడు వంటగది శుభ్రతతో పాటు ఓవెన్‌లో ఏ గిన్నెలు పెడుతున్నారో, వేడి చేసిన పదార్థం నడుమ ఎన్ని డిగ్రీలు ఉందో కూడా చూడండి. ప్రతి ఓవెన్ పక్కన బొమ్మలతో, పెద్ద తెలుగు అక్షరాలతో ఒక కాగితం అంటించమని చెప్పండి. దాన్ని తయారు చేయడానికి మన ఊళ్లోనే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో హోమ్ సైన్స్ విభాగం ఉంది, వాళ్లను అడగండి. ఆ కాగితం అన్నిటికన్నా ముందు పీజీ హాస్టళ్లకు చేరాలి. అక్కడి పిల్లలకు పక్కన నిలబడి చెప్పే పెద్దవాళ్లు ఉండరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి