నవంబరు సీసాలు, కొత్త ధర

నమస్కారం అండీ. సిద్దిపేట దగ్గర మా చెక్క గానుగకు వచ్చి నూనె పట్టుకెళ్లే అక్కలకు, అన్నలకు, ఫోన్‌లోనే ఆర్డర్ పెట్టే హైదరాబాద్ వాళ్లకు ఈ నాలుగు మాటలు.

ముందు మా తప్పు. నవంబరులో ఆడించిన పొద్దుతిరుగుడు నూనె కొందరి ఇళ్లలో నెల తిరగకముందే పాత నూనె వాసన కొట్టింది. వానాకాలం పంట కోతకొచ్చేసరికి ముసురు పట్టి, గింజలు సరిగా ఎండకుండానే సంచులకెక్కాయి. మా షెడ్డులో సంచి మధ్యలోకి చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. గింజ అలా వెచ్చబడిందంటే లోపల నూనె చెడటం మొదలైనట్టే. అది తెలిసి కూడా, కార్తీకమాసం ఆర్డర్లు నెత్తిమీద ఉన్నాయన్న టెన్షన్‌లో రెండు రోజులు ఎండబోసి గానుగెక్కించాను. ఎక్కించకుండా ఉండాల్సింది. మీరు పిల్లలకు వండి పెట్టే నూనె అది. నవంబరు తేదీ ఉన్న సీసా మీ దగ్గరుంటే, సగం వాడినా సరే, తెచ్చివ్వండి. పూర్తి డబ్బు వాపసు ఇస్తాను.

ఇప్పుడు తేమ కొలిచే మీటరు కొన్నాను. తేమ తొమ్మిది శాతం దాటిన గింజ గానుగలో పడదు. గింజ పంటి కింద పటుక్కుమనాలని మా నాన్న అనేవారు, అదీ చూస్తున్నాం.

ఇక ధర. ఇంతకుముందు లీటరు 260 రూపాయలు, ఇకనుంచి 280. లెక్క మీ ముందే పెడుతున్నాను. 2025-26కు పొద్దుతిరుగుడు గింజలకు ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు 7,721 రూపాయలు. మేం రైతుకు అంతకు తక్కువ ఇవ్వం. క్వింటాలు గింజలు ఆడిస్తే మాకు 30 కిలోల నూనె, అంటే దాదాపు 32 లీటర్లు వస్తుంది. నూనె తీశాక మిగిలే గింజల పిప్పిని, అంటే చెక్కను, పాడి రైతులు కొంటారు కాబట్టి 2,000 వెనక్కి వస్తుంది. అంటే లీటరుకు గింజల ఖర్చే 178 దాకా పడుతోంది. కరెంటు, కూలి, సీసా, షెడ్డు కిరాయి కలిపి ఇంకో 70. మాకు మిగిలేది ముప్పై రూపాయల చిల్లర. పెద్ద మిల్లుల్లో సాల్వెంట్ (నూనెను కరిగించే రసాయనం) పోసి చెక్కలోని నూనె దాదాపు మొత్తం లాగేస్తారు. ఉక్రెయిన్, రష్యా, అర్జెంటీనాల నుంచి ఓడల్లో శుద్ధి చేయని పొద్దుతిరుగుడు నూనె దిగుతుంది. ఆ చవక ధరకు మేం రాలేం.

"పొద్దుతిరుగుడు మన పంట కాదు కదా, పల్లి నూనె, నువ్వుల నూనె చాలు కదా" అని ఒక అక్క అడిగారు. నిజమే, దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి ఆదివాసులు వేల ఏళ్ల క్రితమే సాగు చేశారు. స్పెయిన్ వాళ్లు యూరప్‌కు తీసుకెళ్తే చాలాకాలం తోటల్లో అందానికే పెంచారు. దీన్ని నూనె పంటగా నిలబెట్టింది రష్యా. 1830 ప్రాంతంలో అలెక్సేయెవ్కా అనే ఊళ్లో బోకరేవ్ అనే రైతు గింజలు పిండి నూనె తీశాడు. తర్వాత పుస్తొవాయిత్ అనే శాస్త్రవేత్త గింజలో నూనె శాతం బాగా పెరిగిన రకాలు తయారుచేశాడు. 1969లో మన దేశంలో సాగు మొదలైంది ఆ రష్యా రకాలతోనే. 1990ల మొదట్లో 20 లక్షల హెక్టార్లు దాటిన పంట ఇప్పుడు కొద్ది లక్షలకు పడిపోయింది. చవక దిగుమతులు ఒక కారణం, నెక్రోసిస్ తెగులు ఇంకొకటి. వయ్యారిభామ కలుపు పుప్పొడిలో ఉన్న ఈ తెగులు వైరస్‌ను తామర పురుగులు పైరుకు అంటిస్తాయి. మన పంట కాకపోయినా, మన రైతు యాభై ఏళ్లుగా కష్టపడి నేర్చుకున్న పంట. నేను దీన్ని వదలకపోవడానికి కారణం అదే.

మాకు గింజలిచ్చే రైతుల చేలు ఇప్పుడు పూత మీద ఉన్నాయి. మొన్న పొద్దున తొమ్మిదింటికి వెళ్లాను. ఒక పెద్దమ్మ అరచేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, ఒక్కో పువ్వు మీద పసిపిల్ల తల నిమిరినట్టు మెల్లగా రాస్తూ పోతోంది. గుడ్డంతా పసుపు పుప్పొడి. మనకు ఒక్క పువ్వులా కనిపించేది నిజానికి వందల చిన్న పువ్వుల గుత్తి. అంచు నుంచి మధ్యకు రోజుకు కొన్ని వరుసలు విచ్చుకుంటాయి. తేనెటీగా రాక, ఇలా చేత్తోనూ రుద్దకపోతే మధ్యలో తాలు గింజలే మిగులుతాయి. అందుకే రోజు విడిచి రోజు రుద్దుతారు. పువ్వులన్నీ తూర్పుకే చూస్తున్నాయి. పొద్దు వెంట తిరిగేది లేత దశలోనే. విచ్చుకున్నాక అలా తూర్పుకే నిలిచిపోతాయి. ఉదయపు ఎండకు త్వరగా వెచ్చబడిన పువ్వు మీద తేనెటీగలు ఎక్కువ వాలతాయి. గింజ పట్టాక రామచిలుకల కాపలా ఉంటుంది, ఆ తిప్పలు వేరు.

వాడకం గురించి ఒక మాట. గానుగ పొద్దుతిరుగుడు నూనె పోపులకు, కూరలకు బాగుంటుంది. గారెలకు, బూరెలకు వాడకండి. రిఫైన్ చేయని ఈ నూనె తక్కువ వేడికే పొగలొస్తుంది. వేపుళ్లకు పల్లి నూనె తీసుకోండి. సీసాను ఎండ తగిలే కిటికీలో పెట్టొద్దు, రెండు నెలల్లో వాడేయండి. అడుగున కాస్త మడ్డి ఉంటే భయపడొద్దు. మేం మూడు రోజులు తేర్చి పోస్తాం, అయినా కొంచెం దిగుతుంది.

యాసంగి పంట మార్చి చివర్లో కోతకొస్తుంది. అప్పటిదాకా పొద్దుతిరుగుడు నూనె లేదు, పల్లి, నువ్వుల నూనెలు మాత్రమే ఉన్నాయి. ముందే డబ్బు కట్టిన పదకొండు మందికి ఈ వారంలో ఫోన్ చేస్తాను. ఆగుతామంటే పాత ధరకే ఇస్తాను, వద్దంటే డబ్బు పంపిస్తాను. కొత్త గింజలు గానుగెక్కే రోజు ముందుగా చెబుతాను. వీలైనవాళ్లు వచ్చి దగ్గరుండి ఆడించుకుని వెళ్లండి.