బాబ్జీకి ఉత్తరం: మామ్మా, వడ్లగింజలూ

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బాబ్జీ,

ఆలస్యమైంది. ముందు కడుపునిండా తిట్టుకుని తర్వాత చదువు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు పిలుస్తారు, సగం రాసిన కాగితం ఎక్కడో పోతుంది. ఇవాళ రాణి చిన్నిని తీసుకుని వాళ్లక్క ఇంటికెళ్లింది. నాలుగింటికల్లా వచ్చేస్తారు, ఆ లోపు రాసెయ్యాలి. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. చెప్పను. అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి నీకు మీటింగొస్తుంది.

మా కబుర్లు: అందరం బాగున్నాం. నా ట్రాన్స్‌ఫర్ ఆగింది, పై వాటా స్లాబు కారడం మాత్రం ఆగలేదు. చిన్ని ఎనిమిదిలోకొచ్చింది. మన రూమ్ ‘కలెక్టర్’ కూతురి పెళ్లి పిలుపులొచ్చాయి. భోజనాల్లో పనసపొట్టు కూర ఉంటుందని నీకు ప్రత్యేకంగా చెప్పమన్నాడు. ఎందుకో నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ వంటవాడికి తెలుసు.

ఇక నువ్వడిగింది. మీ చుట్టుపక్కల జనం ఏం చదువుతున్నారు, నన్నేం చదవమంటావు అని. జనం బాగానే చదువుతున్నార్రా. రాణి ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ పట్టుకుంది. బస్సులో ఒక్కత్తే నవ్వుకుంటుంటే పక్క సీటావిడ ఏంటమ్మా అనడిగిందట, దిగేలోపు ఆవిడకి రెండు కతలు చదివి వినిపించింది. ఆఫీసులో కడప నుంచొచ్చిన కుర్రాడొకడు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ నా టేబుల్ మీద పెట్టి, చదివితే గానీ మాట్లాడనన్నాడు. కరువొస్తే గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కే కాపరుల నవల, 2019లో తానా బహుమతి వచ్చింది. సినిమా చూశానయ్యా అన్నాను. చూసినవాళ్లయితే తప్పకుండా చదవాలి సార్ అన్నాడు. చదివాను. వాడన్నది నిజం, అడవిలో రాత్రిపూట మందకి కాపలా కాయడమంటే ఏంటో పుస్తకంలోనే తెలిసింది. కింది వాటా సత్యవతి గారు యద్దనపూడి ‘సెక్రటరీ’ మళ్లీ మొదలెట్టారు. నీ దయానిధిని, అదే బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ని మాత్రం ఇక్కడ ఎవరూ ముట్టుకోవట్లేదు, ఏమీ అనుకోకు. పులిహోర మరకల కాపీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

సరే, ఇవన్నీ కాదు. మామ్మ సంగతి చెప్పాలి నీకు.

మామ్మకి కంటి ఆపరేషన్ చేయించాం, కుడికన్నుకి. బాగానే జరిగింది. కానీ కొన్నాళ్లు వంగొద్దు, తలకి పోసుకోవద్దు, పొయ్యి దగ్గరికెళ్లొద్దు అన్నారు. వెలుతురు పడితే నీళ్లు కారుతున్నాయని టీవీ తనే కట్టెయ్యమంది. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని పొద్దస్తమానం ‘ఎంతైంది రా టైము’ అని అడగడమే. ఆవిడ ఖాళీగా కూర్చోగా మనమెప్పుడైనా చూశామా? నాకు చూడబుద్ధి కాలేదు. సాయంత్రం చుక్కలు వేసే వేళకి ఏదైనా చదివి వినిపిద్దామనిపించింది. పురాణం చదవరా అంది. పురాణం కాదు, మన అనపర్తి దగ్గర పొలమూరాయన రాసిన కథ చదువుతానని శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి సంపుటం తీశాను. మనూరి పక్కాయనా, అయితే చదువు అంది.

‘వడ్లగింజలు’ మొదలెట్టాను. నువ్వు చదివావో లేదో గుర్తులేదు, చదవకపోతే కథ పాడుచెయ్యను. శంకరప్ప అని ఒక బీద బ్రాహ్మడు, చదరంగంలో దిట్ట. పెద్దాపురం మహారాజు గారి దర్శనం చేసుకుందామనొచ్చి, ఆ దర్శనం దొరక్క నానా పాట్లూ పడతాడు. పెద్దాపురం అనగానే మామ్మ లేచి కూర్చుంది. ఆవిడ పుట్టిల్లు సామర్లకోట పక్కనే కదా. ఏ వీధి? మరిడమ్మ గుడికి ఎటుపక్క? ఏటా తీర్థానికి వాళ్ల నాన్న భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లేవాడట. కథలో ఒక పేజీ, మామ్మ పెద్దాపురం ఒక పేజీ, అలా నడిచింది మొదటి రోజు.

బాబ్జీ, ఒక మాట చెప్తాను విను. ఈ కథ నేను కాలేజీలో ఉండగా చదివాను. బాగుందనుకున్నాను, పక్కన పెట్టాను. పైకి చదివితే అది వేరే కథ రా! ఎంతసేపూ మాటలే. ఒకరంటారు, ఒకరు తిప్పికొడతారు. ఎవరు మాట్లాడుతున్నారో ఆయన రాయరు, ఆ మాట తీరుని బట్టి గొంతు దానంతటదే మారిపోతుంది. నేను నటించడం లేదు, ఆ వాక్యాలే నా చేత అలా అనిపిస్తున్నాయి. వేదం, సంస్కృతం చదువుకున్న ఇంట పుట్టి, తెలుగులో రాయడమే తక్కువగా చూసే రోజుల్లో పట్టుబట్టి తెలుగు రాసిన మనిషి. ఆ పట్టుదల ఎందుకో చెవితో వింటే తెలుస్తుంది. కళ్లతో చదివినప్పుడు నాకు సగమే అందింది.

మర్నాటికి చిన్ని వచ్చి చేరింది. తర్వాత పాలు పోసే అప్పారావు, క్యాన్ గుమ్మంలో పెట్టి నిలబడిపోయాడు. రెండెకరాలు కౌలుకి చేస్తాడులే. పక్కింటి లెక్కల మాస్టారు, రిటైరయ్యారు, పేపరు కోసమొచ్చి కుర్చీ లాక్కున్నారు. ఇంతమందిలో కథ పందెం దగ్గరికొచ్చింది. చదరంగం బల్లకి 64 గళ్లు. మొదటి గడికి ఒక వడ్లగింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా గడిగడికీ రెట్టింపు.

నేను ఆపాను. ఎంతవుతుంది మామ్మా అన్నాను.

ఆవిడ వేళ్లు మడవలేదు. కొలతలు చెప్పడం మొదలెట్టింది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ‘రెట్టింపంటే ఇదేగా, మేం కొలిచినవన్నీ రెట్టింపులే’ అంది. మాస్టారు ముఖం చూడాలి నువ్వు! ఇన్నేళ్లు ఘాతాంకాలు చెప్పాను, కుంచంతో చెప్పొచ్చని తట్టలేదండీ అన్నారు.

చిన్ని ఊరుకోలేదు. అప్పారావు చేత కల్లం మీది స్వర్ణ ధాన్యం గుప్పెడు తెప్పించి, వెయ్యి గింజలు లెక్కపెట్టింది. కిరాణా కొట్లో కాటా మీద పెడితే 20 గ్రాములు తూగింది. ఇంక అక్కణ్ణించి మంచం చుట్టూ లెక్కలే. 21 గళ్లు నిండేసరికి 42 కేజీలు. 22వ గడితో 84 కేజీలు, అంటే మన 75 కేజీల బస్తా దాటింది. బల్ల సగం, 32 గళ్లయ్యేసరికి 429 కోట్ల గింజలు. భయపడ్డాం. తీరా తూకంలోకి మారిస్తే 1,145 బస్తాలు.

‘ఓస్, అంతేనా!’ అంది మామ్మ. ‘ఎకరానికి 35 బస్తాలేసుకో, 33 ఎకరాల పంట. మహారాజు గదా, ఇస్తాడు.’

‘ఆయ్, సార్వాకి 35 ఎక్కడ పడతాయండీ?’ అన్నాడు అప్పారావు. ‘కోతలప్పుడు గాలివాన రాకపోతే 30. దాళ్వాకైతే ఒప్పుకుంటాను.’ రాజుగారిది సార్వానా దాళ్వానా, అంటే వానాకాలం పంటా రెండో పంటా అని పెద్ద తగువు. మామ్మేమో మా రోజుల్లో స్వర్ణెక్కడిది, అక్కుళ్లూ కృష్ణకాటుకలూను, పదిహేను బస్తాలైతే ఊరంతా వచ్చి చూసేవారంటుంది. నేను నవ్వాపుకోలేక పుస్తకం మూసేశాను. ఆ తగువు శ్రీపాద వారు వినుంటే ఒక్క మాట కూడా మార్చకుండా రాసుకునేవారు.

రెండో సగం మాస్టారు చేశారు. మొత్తం గింజలు కాగితం మీద ఇలా వచ్చాయి: 1,84,46,74,40,73,70,95,51,615. చిన్ని తూకంతో 36,000 కోట్ల టన్నులు దాటింది. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే వడ్లు దగ్గర దగ్గర 80 కోట్ల టన్నులు. అంటే భూమ్మీద పండే ప్రతి గింజా 460 ఏళ్లపాటు పోస్తే గానీ ఆ బల్ల నిండదు. అప్పారావు ‘బాబోయ్’ అని క్యాన్ ఎత్తుకున్నాడు, మళ్లీ దించాడు.

అందరం మామ్మ వైపు చూశాం. ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు.

‘అడిగినవాడికి లెక్క తెలుసు. సరేనన్నవాడికి తెలీదు. మా నాన్నకీ తెలీలేదు’ అంది.

నెమ్మదిగా బయటికొచ్చింది. వాళ్లకి సామర్లకోట కాలవ కింద రెండెకరాలుండేదట. ఒక ఏడు వరద తినేస్తే విత్తనాలకీ తిండికీ కలిపి పది బస్తాలు అప్పు తెచ్చాడు వాళ్ల నాన్న. బస్తాకి బస్తాన్నర లెక్కన పంట మీద తీర్చాలి. తీరకపోతే ఆ బస్తాన్నరే మరుసటేటికి అసలు. చిన్ని మెల్లిగా లెక్కేసింది. అయిదేళ్లకి పది బస్తాలు 76 అయ్యాయి. ఆ రోజుల్లో పదిహేను బస్తాలు పండే చేను, రెండెకరాలు కలిపి 30, అందులో తినాలి, కట్టాలి. చేను రాసిచ్చేశాడు. రాసిచ్చిన రోజు సాయంత్రం పెద్దాపురం తీర్థానికి మామ్మని తీసుకెళ్లి గాజులు కొన్నాడట. ఎందుకు కొన్నాడో తనకి చాలా ఏళ్లకి గానీ అర్థం కాలేదంది.

ఒరేయ్, ఇన్నేళ్లుగా మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలీదురా. మా అత్తయ్యలకి ఫోన్ చేసి అడిగాను, వాళ్లకీ తెలీదు. నాన్న ఉండుంటే... ఆయన మా చిన్నప్పుడు చందమామ పైకి చదివేవాడు, నీకూ గుర్తుండాలి, వేసవిలో మా అరుగు మీద. ఆయన చదువుతుంటే మామ్మ లోపల్నుంచి వినేదేమో. అడగాలి. సరే, అది ఇంకోసారి రాస్తాను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. బాధ ఒక్కటే కాదు, సంతోషం కూడా. కథ రాసిన ఆయన పోయింది 1961లో. ఆయన ఒక పందెం గురించి రాస్తే, అది మా మంచం దగ్గరికొచ్చి మా ముత్తాత చేను గురించి మాట్లాడించింది. పుస్తకం బాగుందా బాగోలేదా అని మనం హాస్టల్లో తెల్లార్లూ కొట్టుకునేవాళ్లమే, ఈ మాట మనకప్పుడు తట్టలేదు చూడు.

కథ ముగింపు నీకు చెప్పను. మామ్మ మాత్రం శంకరప్ప తరఫునే.

తర్వాత సత్యవతి గారు తన వంతన్నారు. ‘సెక్రటరీ’ తెచ్చి ఆవిడే చదివారు, గొంతు చాలా బాగుంటుంది. మామ్మ శ్రద్ధగా వింది. చివర్న ‘ఆ రాజశేఖరం మనసులో మాట ముందే చెప్పేసుంటే జయంతికి ఇంత అవస్థ లేదుగా’ అంది. సత్యవతి గారికి కోపమొచ్చింది, చెప్పేస్తే నవలెక్కడుందండీ అని. ఇద్దరూ దాని మీద ఇప్పటికీ వాదించుకుంటున్నారు, కాఫీలు మాత్రం కలిసే తాగుతున్నారు. మాస్టారు ‘వేయిపడగలు’ అంటున్నారు. పీవీ నరసింహారావు అంతటివాడు హిందీలోకి మార్చిన పుస్తకమండీ అని రోజూ గుర్తుచేస్తున్నారు. అది మొదలెడితే మామ్మ రెండో కన్ను ఆపరేషన్ కూడా అయిపోతుంది, అప్పటికి చూద్దాం అన్నాం.

ఇప్పుడు నడుస్తున్నది కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’. చిత్తూరు జిల్లా మనిషి, డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేసినాయన. ఒక ముసలాయన తప్పిపోయిన చూలు పందిని వెతుక్కుంటూ పొద్దుగూకే వేళ అడవిలోకెళ్తాడు. దీనికి మాత్రం ఎవరూ నోరెత్తట్లేదు. అప్పారావు కూర్చోడు కూడా, నిలబడే వింటాడు. నిన్న ఆపేసరికి ‘మిగతాది ఇప్పుడే చదివెయ్యండి బాబూ, ఆ మనిషిని చీకట్లో వదిలేసి ఎలా వెళ్తాం’ అన్నాడు. రేపటికి మిగలాలి కదా అన్నాను. చాలా అన్యాయమన్నాడు.

కాబట్టి నీకు చెప్పేదేంటంటే, జాబితా అడగొద్దు. ‘వడ్లగింజలు’ తీసుకో, మీ నాన్నగారి పక్కన కూర్చుని పైకి చదువు. ఆయన వినరని నాకు చెప్పకు. ఆయన కరణీకం చేసిన మనిషి, శిస్తుల లెక్కలన్నీ నోటికి వచ్చు. 22వ గడి దగ్గర ఆపి అడిగి చూడు. ఆయనేమన్నారో మాటకి మాట నాకు రాయాలి. ఇంకోటి, పైకి చదవడానికి బాగుండేవి నీకు తోచినవి పంపు. రాయలసీమవీ తెలంగాణవీ అయితే ఆ యాస నాకు సరిగ్గా రావట్లేదు, ఆ కడప కుర్రాణ్ణి ఒక ఆదివారం భోజనానికి పిలిచి చదివిద్దామని చూస్తున్నాం. నామిని కథలు ఎవరి చేత...

గేటు చప్పుడైంది, వచ్చేశారు. ఇక రాయనివ్వరు. అప్పారావు మేనల్లుడు బుధవారం హైదరాబాద్ వస్తున్నాడు, శ్రీపాద సంపుటం అతని చేతికిస్తున్నాను. కూకట్‌పల్లిలో మీ ఇంటికి ఎటు నుంచి రావాలో ఇవాళే మెసేజ్ పెట్టు, ఆ అబ్బాయికి ఊరు కొత్త.

నీ
సూరి