‘ఒరిజినల్ సౌండ్’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను

కస్టమర్లందరికీ నమస్కారం. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర సందులో మిక్సీలు, ఫ్యాన్లు, పాత టీవీలు, వీడియో గేములు బాగుచేసే షాపు నాది. ఈ ఎండాకాలం నుంచి కొత్త గేమ్ డబ్బాలు కూడా అమ్ముతున్నాను. రెండు రిమోట్లు, లోపలే 620 గేములు, ధర 1,350 రూపాయలు. ఇప్పటికి 23 అమ్మాను. కొన్న ప్రతి ఒక్కరికీ, "చిన్నప్పటి ఒరిజినల్ సౌండ్ అండి, కళ్లు మూసుకుని వినండి" అని చెప్పాను. అదే మాట కాగితం మీద రాసి షట్టర్‌కి కూడా అంటించాను.

ఆ మాట తప్పు. కాగితం నిన్న పీకేశాను.

ఎందుకు తప్పో చెప్పాలంటే కాస్త పెద్ద కథ. డబ్బు సంగతి చాలనుకునేవాళ్లకు ముందే చెప్పేస్తాను. దీపావళి లోపు డబ్బా, రిమోట్లు తెచ్చిస్తే 1,350 మొత్తం ఇచ్చేస్తాను. బిల్లు పోయినా పర్వాలేదు, 23 మంది ముఖాలూ నాకు గుర్తే. నాకు సరుకు ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోం అన్నారు. అది నా తలనొప్పి, మీది కాదు.

ఇక కథ. ఆగస్టులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు ఫోన్ ఛార్జింగ్ పిన్ మార్పించుకోడానికి వచ్చాడు. షాపులో ఎప్పుడూ మోగే పాట మీకు తెలిసిందే, మారియో మొదటి లెవెల్‌ది. కుర్రాడు రెండు నిమిషాలు విని, "అన్నా, ఇది ఒరిజినల్ కాదు. గొంతు వేరేగా ఉంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నువ్వు పుట్టకముందు నుంచి వింటున్నాను తమ్ముడూ" అన్నాను. వాడు ఫోన్‌లో అదే పాట పెట్టి వినిపించాడు. నాకు అదే తప్పుగా అనిపించింది. "ఫోన్ స్పీకర్‌లో ఏం తెలుస్తుందిలే" అని కొట్టిపారేశాను. వాడు పిన్ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. నేను ఆ రాత్రి అన్నం తింటూ కూడా వాడితో మనసులో వాదిస్తూనే ఉన్నాను.

నా వాదనకు బలం ఏమిటంటే, నేను విన్నది చిన్నప్పుడే. 1990ల్లో మా వీధి చివర ఇంట్లో ముందు గదిలో రెండు టీవీలు పెట్టి గంటకు ఐదు రూపాయలకు ఆడించేవారు. ఒకదాంట్లో మారియో, ఒకదాంట్లో కాంట్రా. ట్యాంకుల గేమ్ మాత్రం ఇద్దరు కలిసి వస్తేనే పెట్టేవారు. నాన్న రేడియోలు బాగుచేసిన డబ్బుల్లోంచి నేను కొట్టేసినవి ఎన్ని ఐదులో ఆయనకు తెలుసు, ఎప్పుడూ అడగలేదు. తర్వాత ఆ ఇంటివాళ్లు ఊరు మారుతూ మిషన్ పాడైపోయిందని నాన్నకిచ్చారు. ఆయన బాగుచేసి నాకిచ్చాడు. షాపులో ఇప్పటికీ మోగేది అదే.

సెప్టెంబరులో జపాన్ మిషన్ వచ్చింది. ఓడల్లో పనిచేసే కుర్రాడొకరు అక్కడ సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫ్యామికామ్ కొని ఇంటికి తెచ్చారు. మన డబ్బాలన్నిటికీ మూలం అదే, 1983లో నింటెండో కంపెనీ వదిలింది. దాన్ని మన టీవీకి పనికొచ్చేలా చేయమని నాకిచ్చారు. ఇక్కడ నా తప్పు ఒకటుంది. అడాప్టర్ మీద 100 వోల్టులు అని రాసి ఉన్నది చూడకుండా మన గోడ ప్లగ్గులో పెట్టేశాను. మన కరెంటు 230. ఒక్కసారి 'గుయ్' మని, వేడి వాసన వచ్చి ఆగిపోయింది. అదృష్టం, అడాప్టర్ ఒక్కటే పోయింది, మిషన్‌కి ఏమీ కాలేదు. కొత్త అడాప్టర్ నా ఖర్చుతో ఇచ్చాను. వాళ్లకు అప్పుడే చెప్పాను కూడా, కాబట్టి ఇది కొత్త సంగతేం కాదు.

జపాన్ వాళ్ల యాంటెనా ఛానెళ్లు మన టీవీలు పట్టవు కాబట్టి బొమ్మ, శబ్దం చిప్పుల కాళ్ల నుంచే తీసుకోవాలి. శబ్దం పుట్టేది ప్రాసెసర్‌లోనే, రికో 2ఏ03 అంటారు. అందులో ఐదు గొంతులు. రెండు చదరపు అలలవి, రాగం పాడేవి అవే. మూడోది త్రిభుజం అల, బొంగురుగా కింది స్వరం పడుతుంది. దాని వాల్యూమ్ తగ్గించడం కుదరదు, మోగితే మోగినట్టు, లేకపోతే లేదు. నాలుగోది గరగర, డప్పు దెబ్బలకు వాడతారు. ఐదోది చిన్న రికార్డింగ్ ముక్కలకు. తమాషా ఏమిటంటే చదరపు అలలు రెండూ చిప్పు ఒకటో కాలు నుంచి, మిగతా మూడూ రెండో కాలు నుంచి బయటికొస్తాయి. నేను రెండు కాళ్లకూ రెండు తీగలు కట్టి, రెండు చిన్న స్పీకర్లు బల్లకు అటొకటి ఇటొకటి పెట్టి కూర్చున్నాను.

అలా విన్న రోజు ఏ రిపేరూ చేయలేదు. క్షమించాలి, ఆ రోజు మిక్సీ కోసం మూడుసార్లు తిరిగిన అక్కగారు ఉన్నారు. కుడివైపు రాగం, ఎడమవైపు కింది స్వరమూ దరువూ. మారియో గెంతినప్పుడల్లా కుడివైపు తోడు గొంతు చటుక్కున ఆగి, గెంతిన చప్పుడు అయ్యాక మళ్లీ అందుకుంటోంది. ఉన్న గొంతులు తక్కువ కాబట్టి గెంతుకి ఒక గొంతును పాట దగ్గర అప్పు తీసుకుంటారన్నమాట. 1985లో కోజీ కోండో ఆ పాట కట్టారు. గేమంతా, పాటలతో సహా, 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ పువ్వు బొమ్మ అంతకంటే పెద్దది.

తర్వాత అదే స్పీకర్లు నా చిన్నప్పటి మిషన్‌కి కట్టాను. ఇంజనీరింగ్ కుర్రాడు చెప్పింది నిజం.

శబ్దం అలను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్‌లో చూస్తే ఇంకా స్పష్టం. జపాన్ మిషన్‌లో ఆ రాగం అల సగం పైన, సగం కింద. నా దాంట్లో అదే స్వరానికి పావు వంతు పైన, ముప్పావు కింద. మన పాత డబ్బాల్లో వేసింది రికో చిప్పు కాదు, తైవాన్ నకలు. ఆ నకలులో సగం అల అడిగితే పావు అల, పావు అడిగితే సగం అల వస్తుంది. రెండూ తారుమారు. చెవికి ఎలా ఉంటుందంటే, సగం అలది క్లారినెట్ లాంటి గుండ్రటి గొంతు. పావు అలది సన్నగా, ముక్కుతో పాడినట్టు, అచ్చం పెళ్లి సన్నాయి. జపాన్ పిల్లలు మారియోను క్లారినెట్ మీద విన్నారు. మనం సన్నాయి మీద విన్నాం. కొత్త డబ్బాలు విప్పి చూస్తే చిప్పే కనిపించదు, తారు లాంటి నల్లటి బొట్టు ఒకటుంటుంది అంతే. దాంట్లోనూ అదే తారుమారు, పైగా కింది స్వరం బాగా నీరసం.

ఇంకొకటి కూడా తేలింది. జపాన్ మిషన్ సెకనుకు 60 బొమ్మలు వేస్తుంది. మన టీవీ పద్ధతికి చేసిన పాత డబ్బాలు 50. పాట నడిచేది బొమ్మల లెక్కనే. అక్కడ ఐదు నిమిషాల పాట మనకు ఆరు నిమిషాలు. మారియోలో పైన 400 నుంచి తగ్గే అంకె సెకన్లు అనుకునేవాళ్లం కదా, కాదు. 24 బొమ్మలకు ఒక అంకె తగ్గుతుంది. లెక్కేస్తే అక్కడ 160 సెకన్లలో అయిపోతుంది, మనకు 192. అంటే 32 సెకన్లు మనకు ఎక్కువ దొరికాయి, అయినా నేను ఎనిమిదో ప్రపంచం దాటలేదు.

ఈ రెండు మిషన్లూ పక్కపక్కన మోగుతుండగా వయొలిన్ మాస్టారు టేబుల్ ఫ్యాన్ తెచ్చారు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మనది, ఈ ఊళ్లో ఏ శబ్దం వినిపించినా తీర్పు చెప్పేవాళ్లు దొరుకుతారు. ఆయన నిలబడే విని, "శ్రుతి దాదాపు అదేనయ్యా. దీనిది ఆవగింజంత తక్కువ. కాలమే సాగింది" అన్నారు. నిజమే, ప్రాసెసర్ గడియారం జపాన్ దాంట్లో 1.79 మెగాహెర్ట్జ్, మన దాంట్లో 1.77. నేను మీటర్ పెట్టి చూసింది ఆయన చెవితో చెప్పేశారు. తర్వాత వేరే గేమ్ పాట పెడితే, "ఏటయ్యా ఇది, ఒక గొంతుతో ముగ్గురు పాడుతున్నట్టుంది" అన్నారు. మూడు స్వరాలు ఒకేసారి పలికించే వీలు లేనప్పుడు ఒకే గొంతులో మూడింటినీ బొమ్మకొకటి చొప్పున తిప్పుతారు. సెకనుకు యాభై అరవై సార్లు మారేసరికి చెవి కలిపేసుకుంటుంది. మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఫ్యాన్ సంగతి ఇద్దరం మర్చిపోయాం. మాస్టారూ, ఫ్యాన్ అయింది, పట్టుకెళ్లండి.

ఇంజనీరింగ్ కుర్రాడికి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. వాడు లాప్‌టాప్ తెచ్చి, ఈ చిప్పు గొంతులతో పాటలు కట్టే ఫ్యామిట్రాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తాను కట్టిన పాట వినిపించాడు. ఐదు నిలువు వరుసల్లో అంకెలు, అక్షరాలు పైకి జరుగుతూ ఉంటాయి. కిరాణా కొట్టు పద్దు పుస్తకం పాడుతున్నట్టుంది. పాట బాగుంది, చివర కాస్త సాగదీశాడు. ఇప్పుడు ఆదివారాలు షాపులో వాడి పాటలు కూడా మోగుతాయి.

మరి అసలు శబ్దం కావాలంటే ఏం చేయాలి? నా దగ్గర కొనక్కర్లేదు. కంప్యూటర్ ఉంటే మెసెన్ అనే ఎమ్యులేటర్ (కంప్యూటర్‌నే పాత గేమ్ మిషన్‌లా నడిపించే సాఫ్ట్‌వేర్) ఉచితం, దాంట్లో సరిగ్గా వినిపిస్తుంది. నాకు నవ్వొచ్చిన సంగతి, చదరపు అలల్ని తారుమారు చేసే టిక్ కూడా దాని సౌండ్ సెట్టింగుల్లోనే పెట్టారు, పాత నకళ్లలా వినిపించడానికని. ఆ టిక్ పెట్టి విన్నాను. మా వీధి చివర గది గుర్తొచ్చింది. నా మిషన్ చిప్పు మాత్రం మార్చను, షాపులో సన్నాయే మోగుతుంది. డబ్బాలు ఇంకా ఏడు మిగిలాయి, వాటిని 'నకలు సౌండ్' అని చెప్పే 1,000కి అమ్ముతాను. 23 మందిలో తొమ్మిది మంది ఇప్పటికే మాకదే బాగుంది, ఉంచుకుంటాం అన్నారు.

రిపేర్ల గురించి. పాత మిషన్లు పదకొండు వరుసలో ఉన్నాయి, రెండు వారాలు పడుతుంది. లైటు కూడా వెలగని మిషన్‌కి ఇదివరకు 350 తీసుకునేవాణ్ణి. పదింట ఏడు మిషన్లలో పోయేది 7805 అనే రెగ్యులేటర్, లోపలికొచ్చిన కరెంటును 5 వోల్టులకు దించేది. దాని ఖరీదు 15 రూపాయలు. వాళ్లూ వీళ్లూ అంత తీసుకుంటున్నారని నేనూ తీసుకున్నాను. ఇక నుంచి 150.

బాతుల్ని కొట్టే గేమ్ తుపాకీని రిపేరుకు మాత్రం తేకండి. మీ తుపాకీ బాగానే ఉంది, టీవీయే మారింది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల గడి వస్తుంది. తుపాకీ మూతిలో ఉన్న కన్ను ఆ వెలుగును అదే క్షణంలో పట్టుకోవాలి. ఎల్‌ఈడీ టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది, అప్పటికి కన్ను మూసుకుపోతుంది. పిక్చర్ ట్యూబ్ టీవీ కావాలి. నా దగ్గర 21 అంగుళాలది ఉంది, ఆదివారం సాయంత్రం 5 నుంచి 8 దాకా పిల్లల్ని తీసుకురండి. డబ్బులక్కర్లేదు. పెద్దవాళ్లు పిల్లలకు కూడా వంతు ఇవ్వాలి, పోయినవారం ఇవ్వలేదు.

గేమ్ క్యాసెట్లను ఊదకండి. నేనూ ఊదినవాణ్ణే. ఊదితే పని చేసినట్టు అనిపించేది మళ్లీ తీసి పెట్టడం వల్ల. నోటి తడికి క్యాసెట్ కాళ్లు నల్లబడతాయి, అసలే మనది సముద్రపు గాలి. రబ్బరుతో మెల్లగా రుద్ది, స్పిరిట్ దూదితో తుడిస్తే చాలు.

పైడితల్లి అమ్మవారి పండగ, వచ్చే సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. ఆ రెండు రోజులూ మా సందులోకి సైకిల్ కూడా దూరదు, షాపు తీయను. బుధవారం పదింటికి తీస్తాను. మిషన్ తెచ్చేవాళ్లు దానితో వాడుతున్న అడాప్టర్ కూడా తప్పకుండా తేవాలి. సెట్‌టాప్ బాక్స్‌ది 12 వోల్టుల అడాప్టర్ మూతి సరిపోయింది కదా అని పెట్టేస్తున్నారు. మన గేమ్ మిషన్లలో చాలావాటికి మధ్యలో మైనస్, దానికి మధ్యలో ప్లస్. ఈ నెలలో నా బల్ల మీదికొచ్చిన వాటిలో నాలుగు అలా పోయినవే.