ఎండు తెగులుకు మందు చెప్పేముందు కొమ్మ కోసి చూడండి

ఎడిటర్ గారికి,

మొక్కల తెగుళ్ల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మామిడి కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోతున్నాయని రైతులు తెచ్చే నమూనాల్లో ఎక్కువ భాగం పూర్తిగా చచ్చిన పుల్లలే. వాటిలో తర్వాత చేరిన బూజులే పెరుగుతాయి, అసలు కారణం దొరకదు. పచ్చి భాగం, ఎండిన భాగం కలిసే చోట కోసి తేవాలి. అడ్డంగా కోస్తే చెక్కలో గోధుమ రంగు మచ్చ, చాలాసార్లు V ఆకారపు చీలికలా, కనిపిస్తుంది. నీటి ఎద్దడితో ఎండిన కొమ్మలో సాధారణంగా ఇలాంటి మచ్చ ఉండదు.

మామిడిలో తరచుగా కనిపించే లాసియోడిప్లోడియా థియోబ్రోమే అనే శిలీంధ్రం అగర్ (ల్యాబ్‌లో శిలీంధ్రాలను పెంచే జెల్లీ లాంటి పదార్థం) మీద తెల్లగా మొదలై, త్వరగా బూడిద రంగుకు, ఆపై నల్లగా మారుతుంది. దాని బీజాలు (స్పోర్లు) లేతగా ఉన్నప్పుడు రంగు లేకుండా ఒకే గదితో ఉంటాయి. ముదిరాక గోధుమ రంగు, మధ్యలో అడ్డుగోడ, పొడవునా చారలు వస్తాయి. మైక్రోస్కోప్‌లో ఆ చారలు చూస్తే నాకు ఇప్పటికీ సంతోషమే! అయినా అక్కడితో ఆగకూడదు. దగ్గరి జాతుల బీజాలు ఒకేలా ఉంటాయి కాబట్టి డీఎన్‌ఏ పరీక్ష కావాలి. ఆ శిలీంధ్రాన్ని ఆరోగ్యమైన మొక్కకు ఎక్కించి, అదే తెగులు వచ్చిందో లేదో చూడాలి, ఆ మొక్క నుంచి అదే శిలీంధ్రాన్ని మళ్లీ వేరుచేయాలి.

ఫొటో చూసి మందు రాసిచ్చేవాళ్లను దయచేసి ఆపండి. ఆకుల మీద కొట్టిన మందు చెక్క లోపలికి సరిగా చేరదు. మచ్చ కనిపించని చోటి దాకా కొమ్మ కోసి, గాయానికి బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి. ఒక్కో కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. మీ వ్యవసాయ పేజీలో నమూనా తీసే పద్ధతిని బొమ్మలతో వేయగలరా?

— ఒక పాఠకురాలు