ఫొటోలో వెనక నిలబడ్డ మనిషి

సంపాదకుల వారికి,

చైనా వార్త అనగానే మన పత్రికలు షీ జిన్‌పింగ్‌తో మొదలుపెట్టి ఆయనతోనే ముగిస్తాయి. కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కార్యాలయ డైరెక్టర్ ఊసే ఉండదు. అగ్రనేతల ముందుకెళ్లే కాగితాలు, సమావేశాల ఏర్పాట్లు, చివరికి వాళ్ల భద్రత కూడా చూసేది ఆ కార్యాలయమే.

1989 మే 19న బీజింగ్‌లోని తియానన్మెన్ చౌక్‌లో అప్పటి పార్టీ ప్రధాన కార్యదర్శి జావో జియాంగ్ చేతి మైకు పట్టుకుని, నిరసన చేస్తున్న విద్యార్థులతో మాట్లాడుతున్న ఫొటో చాలామంది చూసే ఉంటారు. వెనక నిలబడ్డ వెన్ జియాబావోయే అప్పటి కేంద్ర కార్యాలయ డైరెక్టర్. జావో పదవి పోయి గృహనిర్బంధంలో గడిపారు. వెన్ మాత్రం 2003లో ప్రధాని అయ్యారు! తర్వాత ఆ డైరెక్టర్ కుర్చీలోనే కూర్చున్న లింగ్ జిహువాకు 2016లో యావజ్జీవం పడింది. అభియోగాల్లో ఒకటి రాజ్య రహస్యాలు అక్రమంగా సంపాదించడం. రహస్యాలన్నీ తన బల్ల మీదుగా నడిచిన మనిషి మీద ఆ కేసు!

2023 నుంచి ఆ పదవిలో ఉన్న సాయ్ చీ, పార్టీలో అత్యున్నతమైన ఏడుగురి పొలిట్‌బ్యూరో స్థాయీ సంఘంలోనూ సభ్యుడు. మావో అంగరక్షణ చూసిన వాంగ్ డాంగ్‌షింగ్ తర్వాత ఆ రెండూ ఒకరి చేతికే రావడం ఇదే. బీజింగ్ మీద ఈసారి సంపాదకీయం రాసేటప్పుడు ఈయనకూ ఒక పేరా కేటాయించండి.

– ఒక పాఠకుడు, కాకినాడ