పార్కులో మెషీన్లు పెట్టారు, చూపించే మనిషిని కూడా పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మా పార్కులో ఓపెన్ జిమ్ పెట్టినందుకు మున్సిపాలిటీ వాళ్లకు ముందు థ్యాంక్స్. కానీ ఆ మెషీన్ల దగ్గర ఏది ఎవరు చేయొచ్చో, ఎవరు చేయకూడదో చెప్పే మనిషి లేరు, కనీసం తెలుగులో ఒక బోర్డు కూడా లేదు. దానివల్ల ఏమవుతుందో నేను అనుభవించాను కాబట్టి రాస్తున్నాను.

28 ఏళ్లుగా కుట్టు మిషన్ తొక్కుతున్నాను. ముందు నడుం, తర్వాత కుడి మోకాలు పట్టేశాయి. ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగింది, మెట్లు ఎక్కొద్దు, కింద కూర్చోవద్దు అన్నారు. మాత్రలు వాడాను, ఎనిమిది నెలలు నడుముకి బెల్టు కట్టుకున్నాను. కదలడం తగ్గించేకొద్దీ నొప్పి పెరిగింది తప్ప తగ్గలేదు. ఆ పరిస్థితిలో ఎవరో నడుం నొప్పికి ట్విస్టర్ మంచిదంటే, పొద్దున్నే పార్కుకి వెళ్లి ఆ చక్రం మీద నిలబడి రోజూ రెండు వందల సార్లు తిప్పాను. నాలుగో రోజు నొప్పి పిరుదు నుంచి పిక్క దాకా లాగేసింది, రెండు వారాలు మంచం దిగలేదు.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి దగ్గరికి వెళ్తే, ఆవిడ ముందు మెషీన్ ఏదీ ముట్టుకోనివ్వలేదు. కుర్చీలోంచి లేచి నడవమని చూసింది. నేను బరువంతా ఎడమ కాలి మీదే వేసి లేస్తున్నానట, లేచేటప్పుడు కుడి మోకాలు లోపలికి వాలిపోతోందట. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు తెలియనే తెలియదు! కుర్చీలో రెండు దిండ్లు వేసి ఎత్తు చేసింది, మోకాళ్లకి కాస్త పైన రబ్బరు బ్యాండు కట్టి, దాన్ని బయటికి తోస్తూ లేవమంది. బ్యాండు లోపలికి లాగుతుంటే మోకాలు ఎటు పోతోందో నాకే తెలిసేది, ఎవరూ చెప్పాల్సిన పని లేదు. వారాలు గడిచేకొద్దీ ఒక్కో దిండూ తీసేసింది. ఆ తర్వాతే సైకిల్. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండేలా సీటు ఎత్తు పెట్టి, లోడు లేకుండా ఐదు నిమిషాలు తొక్కించింది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుందట. మా పార్కు సైకిల్‌కి సీటు పైకీ కిందికీ జరగదు, పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ అందరూ అదే ఎత్తులో తొక్కుతున్నారు.

గుజ్జు అరిగిందంటే ఇక కాలు కదపకూడదని మనలో చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే భయపడ్డాను. నిజానికి ఆ గుజ్జుకి రక్తనాళాలు ఉండవు, కీలు కదిలి దానిమీద ఒత్తిడి పడుతూ వదులుతూ ఉంటేనే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీర్ఘకాలిక నడుం నొప్పి మీద 2023 డిసెంబరులో ఇచ్చిన సూచనల్లో వ్యాయామం చేయించమంది, బెల్టులూ, నడుముని లాగి పట్టే ట్రాక్షనూ మామూలుగా వాడొద్దంది. మరి మన దగ్గర ఇప్పటికీ ముందు బెల్టే ఎందుకు రాస్తున్నారో నాకు అర్థం కాదు.

మూడు నెలలకి నా బెల్టు బీరువాలోకి వెళ్లింది. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి దాకా కుడితే వస్తుంది. కానీ ఏం చేయాలో తెలుసు కాబట్టి ఇదివరకటి టెన్షన్ లేదు, రెయిలింగ్ పట్టుకోకుండా మేడ ఎక్కుతున్నాను.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఫిజియోథెరపీ కాలేజీలతో మాట్లాడి, ఇంటర్న్‌షిప్ చేసే పిల్లల్ని వాళ్ల మాస్టారుతో కలిపి వారానికి రెండు రోజులు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా పార్కుల్లో ఉంచండి. ప్రతి మెషీన్ పక్కన ఎలా చేయాలో, ఏ నొప్పి ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదో తెలుగులో రాసి పెట్టండి. సీటు ఎత్తు మార్చుకునే సైకిల్ ఒక్కటైనా ఇవ్వండి.

మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దాయన రోజూ పార్కుకి వస్తారు. కూర్చుని కాళ్లతో తోసే లెగ్ ప్రెస్ మెషీన్ దగ్గర నిలబడి "అమ్మా, ఇది నేను చేయొచ్చా?" అని నన్నే అడుగుతారు. నేను దర్జీ పని చేసుకునేదాన్ని, ఆయనకి ఏం చెప్పను?

ఇట్లు,
ఒక పాఠకురాలు, కాకినాడ